రోజువారీ ఫొటోలకి ఏ కలర్ రీలు? ముందు వెలుతురు లెక్క చూద్దాం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తాతగారి పెంటాక్స్ కే1000 మీ చేతికొచ్చింది, దానికి 50 ఎంఎం ఎఫ్ 2 లెన్సు ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకోసారి ఊరు వెళ్లి రావడం. ఇంట్లోవాళ్లనీ వీధినీ పండగలనీ కలర్ ఫిల్మ్ మీద తీసుకోవాలని కోరిక. మొదటి రీలు కొడాక్ గోల్డ్ 200 వేస్తే సగం ఫొటోలు ఆకుపచ్చ ఛాయతో, మురికినీళ్లలో ముంచి తీసినట్టు వచ్చాయి. రీలు, కడగడం, స్కానింగ్ కలిపి 1,800 రూపాయలు అయ్యాయి కాబట్టి, ఖరీదైన కొడాక్ పోర్ట్రా రీలు కొంటే బాగుపడుతుందా, లేక ఇంకేదైనా ఉందా అని అడిగారు.

నేను 1986లో తెనాలిలో ఒక స్టూడియోలో హెల్పరుగా చేరాను. తర్వాత సొంత స్టూడియో పెట్టుకుని 2007 దాకా రీళ్ల మీదే బతికాను. ఇప్పుడు జనం బీరువాల్లో దాచుకున్న పాత నెగటివ్‌లు స్కాన్ చేసి పెడుతుంటాను. ఆ అనుభవం మీద చెబుతున్నాను: అవే ఫొటోలు పోర్ట్రా మీద తీసినా దాదాపు అలాగే వచ్చేవి. గోల్డ్ 200లో లోపం లేదు. దానికి అందాల్సినంత వెలుతురు అందలేదు, అంతే. కాబట్టి రెండో రీలు కొనేముందు ఆ మొదటి రీలుని ఒకసారి సరిగ్గా చూడండి. మీరు పెట్టిన డబ్బుకి అది మంచి పాఠమే చెబుతుంది.

ల్యాబ్ వాళ్లు నెగటివ్, అంటే వెలుగునీడలు తలకిందులుగా కనిపించే ఆ కడిగిన ఫిల్మ్, ఇచ్చి ఉంటారు. ఇవ్వకపోతే ఇవాళే వెళ్లి తెచ్చుకోండి, పారేయకముందే. పొద్దున పూట కిటికీ దగ్గర నిలబడి, తెల్లటి ఆకాశానికి ఎదురుగా ఒక ముక్క పట్టుకోండి. రెండు అంచులూ పట్టుకోవాలి, మధ్యలో వేలు పడకూడదు. మొదట బొమ్మలు చూడొద్దు, అంచు చూడండి. ఫిల్మ్ అంచున వరసగా ఉండే కన్నాల పక్కన ఫిల్మ్ పేరు, ఫ్రేము అంకెలు ఉంటాయి. అవి ఫ్యాక్టరీలోనే వెలుతురుతో అచ్చువేసినవి, మీ కెమెరాకీ వాటికీ సంబంధం లేదు. అవి ముదురుగా, అంచులు తేలి కనిపిస్తుంటే రీలు కడగడం సరిగ్గానే జరిగిందన్నమాట. అవి కూడా వెలిసిపోయినట్టు ఉంటే కెమికల్ నీరసించి ఉండాలి, లేదా దాని వేడి తగ్గి ఉండాలి, లేదా రీలే బాగా పాతదై ఉండాలి. కలర్ నెగటివ్ కడిగే సీ-41 పద్ధతి 1972లో వచ్చింది. బొమ్మని తేల్చే డెవలపర్ అనే కెమికల్ 37.8 డిగ్రీల దగ్గర, 3 నిమిషాల 15 సెకన్లు. ఇందులో ఒకటి రెండు డిగ్రీలు అటూఇటూ అయితే రంగు మారిపోతుంది. అందుకే ఈ పని రోజూ రీళ్లు కడిగే చోటే చేయించాలి, నెలకి నాలుగు రీళ్లు వచ్చే చోట కాదు.

ఇప్పుడు బొమ్మలు చూడండి. అంచు అంకెలు ముదురుగా ఉండి, బొమ్మ మాత్రం పలచగా ఉంటే, నీడలు ఉండాల్సిన చోట ఉత్త నారింజ రంగు ఫిల్మ్ తప్ప ఏమీ లేకపోతే, అది వెలుతురు చాలని ఫ్రేము. మీరు చెప్పిన గుర్తులని బట్టి మీ రీలులో సగం ఇలాగే ఉంటాయని నా నమ్మకం. అదే రీలులో బాగా వచ్చిన ఫ్రేము ఒకటి పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. బాగా వచ్చింది బరువుగా, దట్టంగా కనిపిస్తుంది.

ఆ ఆకుపచ్చ మురికి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి, తెలిస్తే ఇక మరచిపోరు. కలర్ ఫిల్మ్ మీద పైన నీలాన్ని పట్టే పొర, దాని కింద ఆకుపచ్చని పట్టే పొర, అడుగున ఎరుపుని పట్టే పొర ఉంటాయి. వెలుతురు చాలినప్పుడు మూడూ కలిసి నడుస్తాయి. చాలనప్పుడు నీడల్లో ఒక్కో పొర ఒక్కో చోట ఆగిపోతుంది. స్కానర్ ఆ చీకటిని బలవంతంగా పైకి లేపితే, లేని వివరం రాదు కదా, ఆగిపోయిన పొరల తేడా ఒక మురికి రంగై తేలుతుంది. ఫోన్‌లో, డిజిటల్‌లో చీకటిగా తీసి తర్వాత వెలిగించుకోవచ్చు. అక్కడ ఎక్కువ వెలుతురు పడితేనే తెలుపు పోతుంది. కలర్ నెగటివ్ సంగతి తలకిందులు. ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపవడం లేదా సగమవడం. రెండు స్టాపులు ఎక్కువ ఇచ్చినా ఫిల్మ్ మోస్తుంది, ఒక స్టాపు తక్కువైతే నీడల్లోనే కూలబడుతుంది. పదేళ్లు డిజిటల్‌లో తీసి ఫిల్మ్‌కి వచ్చినవాళ్లందరూ మొదటి రీలులో ఇక్కడే దెబ్బతింటారు, ఎందుకంటే చేయి తక్కువ వైపుకే అలవాటుపడి ఉంటుంది.

ఇక మీ కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు సంగతి. కే1000 1976 నుంచి 1997 దాకా తయారైన గట్టి కెమెరా. షటరుకి బ్యాటరీ అక్కర్లేదు. అడుగున వేసే ఎల్ఆర్44 బిళ్ల ఒక్క మీటరు ముల్లు కోసమే. ఆ మీటరుకి స్విచ్ లేదు. లెన్సులోకి వెలుతురు పోతున్నంతసేపూ నడుస్తూనే ఉంటుంది. అందుకని వాడనప్పుడు లెన్సు మూత పెట్టి ఉంచండి, లేకపోతే బిళ్ల త్వరగా అయిపోతుంది. తాతగారి నాటి బిళ్లే ఇంకా ఉంటే మొదట అది మార్చండి. అడుగు మూత తెరిచినప్పుడు లోపల ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే గుడ్డకి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరాక కొత్తది వేయండి.

ముల్లు బాగా పనిచేస్తున్నా, అది చెప్పినదంతా నమ్మకూడదు. కన్ను ఆనించి చూసే అద్దంలో కనిపించే దృశ్యం మొత్తానికి సగటు కట్టి, అది మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క చెబుతుంది. ఒక ఉదాహరణ తీసుకోండి. ఊళ్లో మీ నాయనమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తెల్ల నేతచీర, తెల్ల బియ్యం, వెనక సున్నం కొట్టిన గోడ. వీటి మధ్య చామనఛాయ ముఖం, ముడతలు పడ్డ చేతులు. మీరు ముల్లు మధ్యకి తెస్తే ఎఫ్ 5.6, 1/125 దగ్గర ఆగిందనుకోండి. ఎఫ్ అంకె లెన్సు ఎంత తెరుచుకుందో చెబుతుంది, అంకె చిన్నదైతే ఎక్కువ వెలుతురు. 1/125 అంటే షటరు తెరిచి ఉండే సెకను భాగం. మీటరుకి కనిపించిందంతా తెలుపే, కాబట్టి ఆ తెలుపుని బూడిద చేయడానికి వెలుతురు తగ్గించమంటోంది. అలాగే నొక్కితే చీర మాసిపోతుంది, ముఖం బొగ్గవుతుంది. కళ్లు గుంటల్లో కనపడవు.

అలాంటప్పుడు నేను చేసే పని ఒకటే. ఆమె కూర్చున్న వెలుతురులోనే నా అరచేయి చాపి, నీడ పడకుండా, అద్దం నిండా అరచేయి వచ్చేలా కెమెరా దగ్గరికి తెచ్చి ముల్లు చూస్తాను. ఫోకస్ కుదరక్కర్లేదు. ఎఫ్ 4, 1/125 చెబుతుంది. అరచేయి ఆ బూడిద కంటే ఒక స్టాపు తెల్లగా ఉంటుంది. ఒంటి రంగు ఏదైనా అరచేతిలో తేడా తక్కువ. కాబట్టి ఇంకో స్టాపు తెరుస్తాను, ఎఫ్ 2.8. మొదట ముల్లు చెప్పిన ఎఫ్ 5.6కీ ఈ ఎఫ్ 2.8కీ రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్ల వెలుతురు తేడా. ఇప్పుడు చీర తెల్లగా, చెంప మీద వసారా బయటి వెలుతురు మెరుస్తూ, చేతిమీద నరాలతో సహా వస్తాయి. ఎఫ్ 2.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు తక్కువ కాబట్టి ఫోకస్ కంటి మీద పెట్టండి. బియ్యం కాస్త మసకబారినా ఫరవాలేదు.

ముఖాల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. 1950ల నుంచి కొడాక్ వాళ్లు ల్యాబ్‌లకి రంగు సరిచూసుకోవడానికి ఒక నమూనా ఫొటో పంపేవారు. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్లు. అందులో ఉండేది తెల్లజాతి మహిళ. ఆమె చర్మం సరిగ్గా వస్తే మెషీన్ సరిగ్గా ఉన్నట్టు. ముదురు రంగు చర్మాల మీద ఫిల్మ్ ఎలా పనిచేస్తుందో చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ముదురు గోధుమ రంగులో తేడాలు కనపడడం లేదని చాక్లెట్లు, చెక్క సామాను తయారుచేసే కంపెనీలు గోల చేశాక గానీ కదలిక రాలేదని ఆ కంపెనీలో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. రకరకాల ఛాయల మనుషులున్న కార్డు 1990ల నడుమ వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే మా స్టూడియోకి ఎంతమంది వచ్చి, "అబ్బాయ్, నేనింత నల్లగా ఉంటానా?" అని అడిగి మొహం చిన్నబుచ్చుకుని వెళ్లారో నాకు తెలుసు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నల్లటి మనిషి. మెషీన్ చొక్కాని కాపాడి మనిషిని ముంచేది. ఇప్పటి ఫిల్మ్‌లు చాలా మెరుగు. అయినా మన ముఖాలకి మీటరు చెప్పినదానికంటే ఒక స్టాపు ఎక్కువ ఇవ్వడం మాత్రం మానకండి.

ఈ స్టాపుని ప్రతిసారీ గుర్తుపెట్టుకోవడం కష్టం కాబట్టి కెమెరాకే చెప్పేయండి. షటర్ స్పీడు నాబ్ మీద చిన్న కిటికీలో ఏఎస్ఏ అంకె ఉంటుంది. రీలు పేరులోని 200, 400 అవే; అంకె పెద్దదైతే ఆ రీలుకి తక్కువ వెలుతురు చాలు. నాబ్ అంచుని పైకి లాగి తిప్పితే మారుతుంది. 400 రీలు వేసి అక్కడ 200 పెట్టండి. 200 రీలుకి 100. ల్యాబ్‌లో మాత్రం ఏమీ చెప్పొద్దు, మామూలుగానే కడగమనండి. కొంతమంది ఇలా పెట్టి ల్యాబ్‌లో "పుల్ చేయండి", అంటే తక్కువసేపు కడగండి అంటారు, దాంతో చేసిందంతా వృథా.

ఇక రీలు సంగతి. అది పడే వెలుతురుని బట్టి రీలు కొనాలి, ఇంటర్నెట్‌లో చూసిన రంగుని బట్టి కాదు. మీరు ఉద్యోగస్తులు. పొద్దున 8కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఇంట్లో, ఆదివారం బజారులో, ఊళ్లో వసారాలో తీస్తారు. మీ వెలుతురు ఎక్కువగా నీడపట్టు వెలుతురు. కాబట్టి మీకు 400 రీలే సరైనది. కొడాక్ అల్ట్రామ్యాక్స్ 400తో మొదలుపెట్టండి. రంగు కాస్త గట్టిగా ఉంటుంది, గ్రెయిన్ (సన్నని గరుకు చుక్కలు) కనిపిస్తుంది, కానీ ఎండలోనూ నీడలోనూ ఒకేలా నమ్మకంగా పనిచేస్తుంది. ఆరు రీళ్లు వరసగా అదే తీయండి. మధ్యలో మార్చొద్దు. నాలుగో రీలుకి మీ చేతికి తెలిసిపోతుంది, ఏ వెలుతురులో అది ఏం చేస్తుందో.

గోల్డ్ 200ని తీసిపారేయకండి, నాకు చాలా ఇష్టమైన రీలు అది. 1980ల చివర నుంచి మన ఇళ్ల ఆల్బమ్‌లలో ఉన్న ఆ పసుపు వెచ్చదనం చాలావరకు దానిదే. పొద్దున ఏడింటి ఎండ, సాయంత్రం నాలుగున్నర ఎండ మన చర్మం మీద పడినప్పుడు దాన్ని మించిన రీలు ఆ ధరలో లేదు. మార్చి నుంచి మే దాకా బయట తీసేటప్పుడు అదే వేయండి. కలర్‌ప్లస్ 200 దానికంటే చప్పగా ఉంటుంది. చౌకగా దొరికితే నేర్చుకోవడానికి పనికొస్తుంది. పోర్ట్రా 400 నిజంగా గొప్ప ఫిల్మ్. ముఖాల మీద అంత మెత్తగా పలికేది ఇంకోటి లేదు, తప్పులని కూడా ఎక్కువ మోస్తుంది. కానీ దాని ధర ప్రతి ఫ్రేముకీ మిమ్మల్ని భయపెడుతుంది. భయపడే చేయి నొక్కదు. నాయనమ్మ ఫొటో కోసమో, చెల్లెలి పెళ్లి కోసమో ఒక్క రీలు కొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఎక్టార్ 100 మనుషులకి వద్దు. ఎరుపు మరీ గట్టిగా పలికి ముఖాలు కమిలినట్టు వస్తాయి. వెలుతురు తగ్గితే నీడలు నీలమెక్కుతాయి. గుంటూరు మిర్చి యార్డులో కుప్పలు, కోటప్పకొండ ప్రభలు, రంగు వేసిన పడవలు ఇలాంటివి నిండు ఎండలో తీసేటప్పుడు మాత్రం అది వేసుకోండి. దాన్ని 100 దగ్గరే ఉంచి తీయాలి.

స్లైడ్ ఫిల్మ్ (నెగటివ్‌లా కాక నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే ఫిల్మ్) గురించి కూడా అడిగారు. ఎక్టాక్రోమ్ ఇ100 2018లో మళ్లీ వచ్చింది, చూడ్డానికి అద్భుతం. కానీ స్లైడ్‌కి వెలుతురు అచ్చు లెక్కగా పడాలి, అర స్టాపు ఎక్కువైతే తెలుపు కరిగిపోతుంది. కడిగే చోట్లు కూడా తక్కువ. ఏడాది తర్వాత ఆలోచించండి. మన దేశపు వీధుల్ని రంగుల్లో చూపించిన ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ జీవితమంతా తీసింది ఎక్కువగా కోడాక్రోమ్ స్లైడ్‌ల మీదే. ఆ ఎండలో, ఆ గుంపుల్లో అంత సన్నని లెక్క తప్పకుండా తీశారంటే దాని వెనక ఎంత సాధన ఉండాలి! 1935లో పుట్టిన ఆ కోడాక్రోమ్ 2009లో ఆగిపోయింది. ప్రపంచంలో దాన్ని కడిగే చివరి ల్యాబ్, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్లోది, 2010 ఆఖరులో రీళ్లు తీసుకోవడం మానేసింది.

మధ్యాహ్నం ఎండలో ముల్లు చూడాల్సిన పనే లేదు. ఆకాశం నిర్మలంగా ఉండి నీడలు కత్తిరించినట్టు పడుతుంటే ఎఫ్ 16 పెట్టి, ఏఎస్ఏ అంకెకి దగ్గరి షటర్ స్పీడు పెట్టాలి. 400 రీలు, డయల్ 200 కాబట్టి 1/250. మీ కెమెరాలో గరిష్ఠం 1/1000. అంటే ఆ ఎండలో మీరు ఎఫ్ 8 దాకా తెరవగలరు, వెనకంతా మసకగా రావాలని ఎఫ్ 2 పెడదామంటే కుదరదు. అది కెమెరా లోపం కాదు. ఆ వేళ అసలు ముఖాలు తీయొద్దు. పదకొండు నుంచి మూడు దాకా ఎండ నెత్తిమీద ఉంటుంది, కంటిగుంటలు చీకటవుతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. మనిషిని వేపచెట్టు కిందికో, కొట్టు పందిరి కిందికో పిలవండి. నీడలో నిలబెట్టి ముఖం బయటి వెలుతురు వైపు తిప్పితే చాలు. డయల్ 200 దగ్గర అలాంటి చోట ఎఫ్ 5.6, 1/250 పడుతుంది. చెట్టు కింద తీస్తే ఆకుల పచ్చ చెంప మీద పడుతుందని గుర్తుంచుకోండి. వసారాలోనో, పందిరి కిందో ఆ బెడద ఉండదు.

రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైటు కింద మీకు ఎఫ్ 2, 1/30 దాకా దిగాల్సి వస్తుంది. గోడకి ఆనుకుని, మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగపట్టి నొక్కండి. మాట్లాడుతున్న మనిషిని కాక, మాట ఆపి వింటున్న మనిషిని తీయండి, కదలిక తక్కువ. ట్యూబ్‌లైటు ఆకుపచ్చని స్కానింగ్‌లో తేలిగ్గా తీసేయొచ్చు, నెగటివ్ దట్టంగా ఉంటే. పసుపు బల్బు ఇంకా కష్టం. మన రీళ్లన్నీ పగటి వెలుతురుకి కట్టినవి, బల్బు వెలుతురులో నీలం చాలా తక్కువ. నీలాన్ని పట్టే పై పొర ఆకలితో ఉండిపోతుంది. అందుకే పూజగదిలో బల్బు కింద తీసిన ఫొటోలు నారింజగా, నీడల్లో గరుకుగా వస్తాయి. అక్కడ మామూలు కంటే ఇంకో స్టాపు ఎక్కువ ఇవ్వండి, లేదా ఆ పని పొద్దున దీపం పెట్టే వేళకి మార్చుకోండి, కిటికీ వెలుతురు కూడా కలుస్తుంది.

రాత్రి బజారు కోసం సినీస్టిల్ 800టీ అని ఒకటుంది. అది కొడాక్ వాళ్ల 500టీ సినిమా ఫిల్మే, వెనకుండే నల్లటి కార్బన్ పూత తీసేసి అమ్ముతారు. ఆ పూత లేకపోవడం వల్లే దీపాల చుట్టూ ఎర్రటి వలయాలు వస్తాయి. బల్బు వెలుతురుకి కట్టిన ఫిల్మ్ కాబట్టి రంజాన్ రాత్రుల్లో చార్మినార్ దగ్గర తీయడానికి బాగుంటుంది. ఒక జాగ్రత్త: సినిమావాళ్ల దగ్గర మిగిలిన ముక్కల్ని డబ్బాల్లో చుట్టి చౌకగా అమ్మేవాళ్లున్నారు. ఆ పూత తీయని ఫిల్మ్‌ని మామూలు కలర్ ల్యాబ్‌లో ఇస్తే మసి కెమికల్‌లో కలిసి, అదే రోజు పడ్డ ఇతరుల రీళ్లు కూడా పాడవుతాయి. అలాంటిది కొంటే సినిమా పద్ధతిలో కడిగే చోటు చూసుకుని, ఏ ఫిల్మో ముందే చెప్పి ఇవ్వాలి.

మా అమ్మాయిని వరంగల్ ఇచ్చాం. ఏటా సద్దుల బతుకమ్మకి వెళ్తుంటాను. మీరు పండగలు తీయాలన్నారు కాబట్టి అక్కడ నేర్చుకున్నది చెబుతాను. అందరూ చీకటి పడ్డాక, ఫ్లడ్‌లైట్ల కింద ఆట జోరందుకున్నాక కెమెరాలు తీస్తారు. అప్పటికి తంగేడు పసుపు, బంతి నారింజ, రంగు అద్దిన గునుగు అన్నీ ఒకే లైటు రంగులో కలిసిపోతాయి. నేను మధ్యాహ్నం మూడింటికే ఇంట్లో ఉంటాను. వాకిట్లో చాప మీద పూలు కుప్పలు పోసి, తాంబాలంలో వరస మీద వరస పేరుస్తుంటారు. ఆ వేళ వెలుతురు గోడల మీద పడి మెత్తబడి వస్తుంది. పసుపులో పసుపుకి తేడా కనిపిస్తుంది, తంగేడు వేరు, గుమ్మడి పువ్వు వేరు. ఎఫ్ 4, 1/125తో గోల్డ్ 200 మీద తీసిన ఒక ఫ్రేములో మా వియ్యపురాలి వేళ్లకి అంటిన గులాబి రంగు, దాని మీద మెరుస్తున్న తడి కూడా కనిపిస్తాయి. చెరువుకి బయల్దేరేటప్పుడు, పొద్దు వాలే అరగంటలో ఇంకో పది ఫ్రేములు. అక్కడితో నా రీలు అయిపోతుంది.

రీలు ఎక్కించడం చిన్న పనే, కానీ 1991లో ఒక పెళ్లిలో తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా నేను తీసిన 36 ఫొటోలు ఒక్కటీ పడలేదు. ఫిల్మ్ నాలుక చుట్టుకునే ఇరుసు గాడిలోంచి జారిపోయింది, నేను ఖాళీగా లీవరు తిప్పుతూ పోయాను. ఆ పెళ్లికూతురి తండ్రికి ఆ మాట చెప్పడానికి వెళ్లిన సాయంత్రం ఇప్పటికీ మరచిపోలేను. అప్పటి నుంచి రీలు ఎక్కించగానే ఎడమవైపు చుట్టే పిడిని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పి వదులు లాగేస్తాను, తర్వాత లీవరు తిప్పినప్పుడల్లా ఆ పిడి వెనక్కి తిరుగుతోందా అని చూస్తాను. తిరిగితే ఫిల్మ్ కదులుతున్నట్టు. ప్రతి ఫ్రేముకీ చూస్తాను. మీరూ చూడండి.

వేడి మన ప్రాంతంలో రీలుకి పెద్ద శత్రువు. కొన్న రీళ్లు డబ్బాతో సహా గాలి చొరని సంచిలో ఫ్రిజ్‌లో పెట్టండి. తీసినరోజు మూత తీయకుండా రెండు గంటలు బయట ఉంచాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. కెమెరాని బండి డిక్కీలో వదలొద్దు, కారు ముందు అద్దం కింద అసలే వద్దు. తీయడం అయిపోయిన రీలుని నెలల తరబడి దాచకండి, పడ్డ బొమ్మ కూడా వేడికీ చెమ్మకీ మెల్లగా వాడిపోతుంది. డేటు అయిపోయిన రీళ్లు సగం ధరకి దొరుకుతాయి, కానీ అవి ఎండాకాలాలు ఎక్కడ గడిపాయో మనకి తెలియదు. ఇంట్లోవాళ్ల ఫొటోలకి వాటిని వాడకండి. విమానంలో వెళ్తే రీళ్లు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. కొత్తరకం సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మ్‌ని పాడుచేయగలవు కాబట్టి చేత్తో చూడమని సిబ్బందిని ముందే, మర్యాదగా అడగండి.

స్కానింగ్ గురించి చాలామందికి తెలియనిది ఇది: నెగటివ్‌లో తేలిన రంగంటూ ఏదీ ఉండదు. ఆ నారింజ ముసుగు తీసి, ఎరుపెంత, నీలమెంత అని ఎవరో ఒకరు, మనిషో మెషీనో, నిర్ణయించాలి. ఒకే నెగటివ్‌ని రెండు ల్యాబ్‌లలో ఇస్తే రెండు రంగుల్లో వస్తుంది. మా రోజుల్లో మాక్సీ సైజు ప్రింట్లు వేసే ఆపరేటరు చేయి మంచిదైతేనే ఆ ల్యాబ్‌కి పేరు. కాబట్టి ఒక ల్యాబ్ పట్టుకోండి, స్కాన్ చేసే మనిషితో పరిచయం చేసుకోండి. "కాంట్రాస్ట్ పెంచొద్దు, ముఖం రంగు చూసి సరిచేయండి" అని చెప్పండి. ఒక ప్రింటు చూపించి "ఇలా కావాలి" అంటే ఇంకా మంచిది. మామూలు స్కాన్ ఫైలు 3000 పిక్సెళ్ల వెడల్పు ఉంటే 8×12 ప్రింటుకి సరిపోతుంది, పెద్ద ఫైలుకి ఊరికే డబ్బు పెట్టకండి. నెగటివ్‌లు మాత్రం తెచ్చుకుని, ల్యాబ్ ఇచ్చే పలచటి కవర్లలో పెట్టి, తేదీ, ఊరు రాసి, బీరువా పై అరలో ఉంచండి. స్కాన్ నచ్చకపోతే ఎప్పుడైనా మళ్లీ చేయించుకోవచ్చు.

ఇక రెండో రీలు. అల్ట్రామ్యాక్స్ 400 తీసుకోండి, డయల్ 200 పెట్టండి. మొదటి నాలుగు ఫ్రేములు ఒకే దృశ్యానికి ఖర్చుపెట్టండి. ఎవరైనా ఒకరిని పొద్దున కిటికీ పక్కన కూర్చోబెట్టి, అరచేయితో లెక్క తీసి, అదే లెక్కతో ఒకటి, ఒక స్టాపు తక్కువతో ఒకటి, ఒక స్టాపు ఎక్కువతో ఒకటి, రెండు స్టాపులు ఎక్కువతో ఒకటి తీయండి. చిన్న పుస్తకంలో ఫ్రేము నంబరు, ఎఫ్ అంకె, షటర్ స్పీడు రాసుకోండి. మీ లెక్క ప్రకారం దానికయ్యే ఖర్చు 200 రూపాయలు. స్కాన్లు వచ్చాక ఆ నాలుగూ, కిటికీ దగ్గర పట్టుకుని చూసిన మొదటి రీలు అంచు అంకెలు ఎలా ఉన్నాయో కలిపి రాయండి. నీడలు ఇంకా పలచగా ఉంటే మీటరుని ఒకసారి మెకానిక్‌కి చూపించాల్సి ఉంటుంది, ఆ సంగతి అప్పుడు చెబుతాను.